ఇల్లు కొనేవారికి ముందు లెక్క, తర్వాతే బేరం
రాజధాని పేరు చెప్పి పెంచిన ధరకు లొంగితే మిగిలేది అప్పే

తెనాలి: ఊళ్లో ఫలానా ఇల్లు అమ్మకానికి ఉందంటే ముందుగా చెవిన పడేది అమ్మేవారు చెప్పే ధర. కొనేవారు ఆ అంకెను పట్టుకునే బేరానికి కూర్చుంటున్నారు. 22 లక్షలు చెబితే 20కి అడగడం, పెద్దమనుషులు సర్ది చెప్పాక 21కి ఒప్పుకోవడం, లక్ష రూపాయలు తగ్గించుకున్నామని సంతోషంగా ఇంటికి రావడం రివాజుగా మారింది. అసలు ఆ ఇల్లు 17 లక్షలైనా చేస్తుందా అని లెక్క కట్టేవారు తక్కువ. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు కొనడం అంతకంటే సులువని అనుకుంటే పొరపాటే.

గుంటూరు జిల్లాలో ఈ పొరపాటుకు ఇప్పుడు మూల్యం మరింత ఎక్కువ. రాజధాని కోసం 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగిన నాటి నుంచి చుట్టుపక్కల స్థలాల ధరలకు రెక్కలొచ్చాయి. 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట వినిపించగానే అవే ధరలు కుప్పకూలాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. 2025 మే 2న ప్రధానమంత్రి చేతుల మీదుగా అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి. దాంతో అమ్మేవారి నోట ధరలు మళ్లీ పైకి లేచాయి. రాజధాని పరిధిలోని 29 గ్రామాల సంగతి అలా ఉంచితే, నలభై యాభై కిలోమీటర్ల అవతల ఉన్న ఊళ్లలో సైతం పాత పెంకుటిల్లు చూపించి రాజధాని పేరు చెబుతున్నారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. అమ్మేవారు చెప్పే ధరలో ఇంటి విలువ కొంత, రేపటి మీద ఆశ కొంత కలిసి ఉంటాయి. ఇంటి విలువకు డబ్బు ఇవ్వవచ్చు. ఆశకు కూడా డబ్బు ఇస్తే ఆ ఆశ ఫలించకపోయినప్పుడు నష్టం మొత్తం కొన్నవారిదే. 2019 చివర్లో ఆ ప్రాంతంలో అప్పు చేసి కొన్నవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

స్థలం వేరు, కట్టడం వేరు

ఇంటికి ఎంత అడగాలో తేల్చుకోవాలంటే ముందు స్థలాన్ని, కట్టడాన్ని విడదీయాలి. స్థలం ధర ఏళ్లు గడిచేకొద్దీ సాధారణంగా పెరుగుతుంది. కట్టడం విలువ ఏటేటా తరుగుతుంది. రెంటినీ కలిపి ఒకే అంకె చెప్పడం అమ్మేవారికి లాభం. విడదీసి చూడడం కొనేవారికి లాభం.

ఉదాహరణకు 120 గజాల స్థలంలో, అంటే సుమారు రెండున్నర సెంట్లలో, 30 ఏళ్ల కిందట కట్టిన 700 చదరపు అడుగుల శ్లాబు ఇల్లు ఉందనుకుందాం. చెబుతున్న ధర 22 లక్షలు. అదే వీధిలో ఖాళీ స్థలం గజం 10 వేల చొప్పున పోతుంటే స్థలం విలువ 12 లక్షలు. అలాంటి ఇల్లే ఇవాళ కొత్తగా కట్టడానికి చదరపు అడుగుకు 1,800 రూపాయలు అవుతుందని మేస్త్రీ చెబితే మొత్తం 12 లక్షల 60 వేలు. అయితే ఇది కొత్త ఇల్లు కాదు. శ్లాబు ఇంటి ఆయుష్షు 60 ఏళ్లు అనుకుంటే సగం గడిచిపోయింది. కనుక కట్టడానికి 6 లక్షల 30 వేలకు మించి కట్టరాదు. స్థలం, కట్టడం కలిపి 18 లక్షల 30 వేలు. శ్లాబు కారుతోంది, కరెంటు వైరింగు మార్చాలి, మరుగుదొడ్డి మళ్లీ కట్టాలి అని తేలి వాటికి 1 లక్షా 30 వేలు అవుతుందంటే, అదీ తీసివేయాలి. మిగిలేది 17 లక్షలు. చెప్పిన ధరకు, లెక్కకు తేడా 5 లక్షలు.

గజం ధర తెలుసుకోవడంలోనూ జాగ్రత్త అవసరం. మధ్యవర్తి చెప్పిన ధర ఒక్కటే నమ్మరాదు. ఏడాది కాలంలో అదే వీధిలో కొన్నవారిని, అమ్మినవారిని విడివిడిగా అడిగితే నిజం బయటపడుతుంది. పక్కింటివారు తమ దొడ్డిలో కలుపుకోవడానికి పంతం మీద పెద్ద ధర పెట్టి కొని ఉంటే దాన్ని ఊరి ధరగా లెక్కించరాదు. అన్నదమ్ముల మధ్య సర్దుబాటుగా తక్కువకు ఇచ్చిన ఇల్లూ కొలబద్ద కాదు. రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ ఎంతో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో తెలుస్తుంది. రాష్ట్రంలో ఈ విలువలను 2025 ఫిబ్రవరి 1 నుంచి సవరించారు. అయితే ఇది స్టాంపు సుంకం లెక్కించడానికి ప్రభుత్వం పెట్టుకున్న విలువే తప్ప, ఊళ్లో నడిచే ధర కాదు.

అద్దె కూడా ఒక కొలతే. ఆ ఇంటికి నెలకు 4 వేలు అద్దె వస్తుందనుకుంటే ఏడాదికి 48 వేలు. 17 లక్షల మీద అది నూటికి మూడు రూపాయలు కూడా కాదు. బ్యాంకులో వేసుకుంటే అంతకంటే ఎక్కువ వడ్డీ వస్తుంది. పల్లెల్లో సొంతంగా ఉండడానికి ఇల్లు కొనుక్కోవచ్చు కాని, అద్దెల మీద ఆశతో పెద్ద ధర పెట్టడం లాభసాటి బేరం కాదు.

ఎండాకాలంలో ఒకసారి, వానలో ఒకసారి

జిల్లాలో చాలా ఊళ్లు నల్లరేగడి నేల మీద ఉన్నాయి. ఈ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పునాది లోతుగా తీయని ఇళ్లలో గోడలకు ఏటవాలు పగుళ్లు వస్తాయి. అమ్మే ముందు సున్నం వేయించి, రంగు పూయించి వీటిని కప్పేస్తుంటారు. అందుకే సున్నం తడి ఆరని ఇంటిని మేస్త్రీని వెంటబెట్టుకుని చూడాలి. అతనికి ఇచ్చే కూలి వృథా కాదు. అతను చెప్పిన మరమ్మతుల ఖర్చే బేరంలో కొనేవారికి బలం.

కృష్ణా తీరంలోని లంక గ్రామాల్లోనూ, కరకట్ట సమీపంలోనూ వరద మాట మరవరాదు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి సుమారు 11 లక్షల క్యూసెక్కుల నీరు వెళ్లింది. వందేళ్లకు ఒకసారి వచ్చే వరదని అప్పుడు అన్నారు. 15 ఏళ్లు తిరగకుండానే 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చి ఆ రికార్డునూ దాటింది. ఆ రోజు నీరు ఎంతవరకు వచ్చిందో ఇంటివారిని కాక వీధిలోని వారిని అడగాలి. గోడ మీది గీత రంగు కింద మాయం కావచ్చు, వీధివారి జ్ఞాపకంలో నుంచి మాయం కాదు.

వీధిపోటు ఉందనో, ముఖం కుదరలేదనో కొన్ని ఇళ్లు తక్కువ ధరకు వస్తాయి. వాస్తు పట్టింపు లేనివారికి ఇది లాభంగా కనిపిస్తుంది. అయితే రేపు అమ్మవలసి వస్తే కొనేవారు అదే మాట చెప్పి ధర తగ్గిస్తారని గుర్తుంచుకోవాలి.

చేతిలో ఉన్నది ఎంత?

ఇంటి విలువ తేలినంత మాత్రాన అంత అడగవచ్చని కాదు. కొనేవారి స్తోమత రెండో లెక్క. ధర ఒక్కటే ఖర్చు కాదు. స్టాంపు సుంకం 5 శాతం, స్థానిక సంస్థలకు చెందే బదలాయింపు సుంకం ఒకటిన్నర శాతం, రిజిస్ట్రేషన్ రుసుం 1 శాతం, వెరసి ఏడున్నర శాతం కొనేవారే భరించాలి. దస్తావేజులో రాసిన ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. 17 లక్షల ఇంటికి ఇది 1 లక్షా 27 వేల 500 రూపాయలు. మధ్యవర్తి కమీషను, లేఖరి, వకీలు ఖర్చులు అదనం.

చేతిలో 9 లక్షలు ఉండి బ్యాంకు 10 లక్షలు ఇస్తుందనుకుంటే మొత్తం 19 లక్షలు. ఖర్చులకు సుమారు 1 లక్షా 70 వేలు, ఆస్పత్రికో పిల్లల చదువుకో అత్యవసరంగా 50 వేలు పక్కన పెడితే ఇంటికి మిగిలేది 16 లక్షల 80 వేలు. ఇంటి విలువ 17 లక్షలు, స్తోమత 16 లక్షల 80 వేలు. ఈ రెంటిలో తక్కువదే ఆఖరి మాట కావాలి.

బ్యాంకు అప్పు వాయిదా ఎంతో కూడా ముందే తెలుసుకోవాలి. 10 లక్షలు 9 శాతం వడ్డీకి 15 ఏళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 10,140 రూపాయలు కట్టాలి. గడువు తీరేసరికి కట్టింది 18 లక్షలు దాటుతుంది. బ్యాంకు అప్పు చాలక ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెచ్చారంటే వడ్డీయే నెలకు 10 వేలు. అసలు అలాగే ఉంటుంది. బేరంలో పెంచే ప్రతి లక్షకూ ఇలా వడ్డీ కట్టుకుని చూస్తే నోరు అంత తేలికగా తిరగదు.

రాబోయే పంటను చూసుకుని ధర ఒప్పుకోవడం రైతు కుటుంబాల్లో తరచు జరిగే మరో పొరపాటు. ముందు ఏడాది మిర్చి ధర చూసి మాట ఇచ్చి, ఆ ఏడాది ధర పడిపోతే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లే. 2025 ఆరంభంలో మిర్చి ధర పడిపోయి, క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున కేంద్రం మార్కెట్ జోక్య పథకం ప్రకటించవలసి వచ్చిన సంగతి విదితమే. కళ్లంలో ఉన్న పంటను డబ్బుగా లెక్క వేయరాదు.

కాగితం సరిగా లేకుంటే ఏ ధరైనా ఎక్కువే

గ్రామకంఠంలోని ఇళ్లకు చాలాచోట్ల దస్తావేజులు ఉండవు. తాతల నాటి నుంచి ఉంటున్నామన్న మాటే ఆధారం. పంచాయతీ ఇంటి పన్ను రసీదు చూపితే సరిపోతుందని చాలామంది భ్రమపడుతున్నారు. పన్ను రసీదు హక్కు పత్రం కాదు. డ్రోన్లతో గ్రామాల్లోని ఇళ్లను కొలిచి ఆస్తి కార్డులు ఇచ్చే స్వామిత్వ పథకం 2020 ఏప్రిల్ 24న మొదలైంది. ఆ కార్డు ఉందా, అందులో పేరు ఎవరిది, కొలత ఎంత అని చూడాలి. దస్తావేజు లేని ఇంటి మీద బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. అప్పు పుట్టని ఇంటిని రేపు కొనేవారూ తక్కువ మందే. కాబట్టి దాని ధర కూడా ఆ మేరకు తగ్గాలి.

ఆడపడుచుల వాటా మరొక చిక్కు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతుళ్లకు హక్కు కల్పిస్తూ రాష్ట్రం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు వర్తించింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లయినవారికీ ఆ హక్కు వచ్చింది. ఆనాటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో నిమిత్తం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. చట్టబద్ధంగా అంతకు ముందే పంపకం జరిగి ఉంటే వేరు. లేకపోతే అన్నదమ్ములిద్దరూ సంతకాలు పెట్టారని సంతోషించి లాభం లేదు. అత్తవారింట ఉన్న అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా దస్తావేజు మీద పడాలి.

పిల్లలు అమెరికాలోనో, హైదరాబాదులోనో స్థిరపడి ఊళ్లో ఇల్లు అమ్ముకుంటున్న సందర్భాల్లో ధర కొంత అనుకూలంగా వస్తుంది. ఇల్లు చూసుకునేవారు లేరు కనుక వారికి తొందర ఉంటుంది. అయితే విదేశం నుంచి వచ్చే అధికార పత్రానికి మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. పత్రం రాసిచ్చినవారు మరణిస్తే సాధారణంగా అది చెల్లదు. బయానా ఇచ్చే ముందు వారితో స్వయంగా మాట్లాడడం మంచిది.

ఈసీ తీయించడం అందరికీ తెలిసిందే. 1983 తర్వాతి లావాదేవీలు కంప్యూటర్లో దొరుకుతాయి. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, నోట్ల మీద అప్పులు, కుటుంబంలో వాటాల తగాదాలు ఈసీలో కనిపించవు. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూముల 22-ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూసుకోవాలి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన ఇళ్ల పట్టాల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాతి సవరణలు గడువులు పెట్టి కొంత సడలించాయి. ఏ పట్టాకు ఏది వర్తిస్తుందో తహసీల్దారు కార్యాలయంలో తేల్చుకోకుండా చవకగా వస్తోందని కొంటే గోరుచుట్టు మీద రోకటిపోటు అవుతుంది.

మొదటి మాట, ఆఖరి మాట

లెక్క తేలాక రెండు అంకెలు కాగితం మీద రాసుకోవాలి. ఒకటి మొదట అడిగేది, రెండోది ఆఖరుకు ఆగేది. పై ఉదాహరణలో ఆఖరి మాట 16 లక్షల 80 వేలైతే మొదటి మాట పదిహేనున్నర దగ్గర ఉండవచ్చు. మరీ సగానికి సగం అడిగితే అమ్మేవారు అవమానంగా భావించి బేరమే వదులుకుంటారు. పల్లెల్లో రేపు మళ్లీ ముఖాలు చూసుకోవలసిన వారే కనుక నోరు మంచిగా ఉండాలి. ఇంటిని వంకలు పెట్టి తూలనాడడం కంటే స్థలానికి ఇంత, కట్టడానికి ఇంత, మరమ్మతులకు ఇంత అని మేస్త్రీ రాసిచ్చిన లెక్క ముందు పెట్టడం మర్యాద. తర్వాత పెంచినా యాభై వేలు, పాతిక వేలు, పది వేలు అని తగ్గుతూ పోవాలి. చివర ఆగిపోతున్నారని ఎదుటివారికి దాంతోనే అర్థమవుతుంది.

ధరలో దిగని అమ్మకందారు మరో విషయంలో దిగవచ్చు. పంట డబ్బు చేతికొచ్చేదాకా మూడు నెలల గడువు, ఇంట్లోని మంచాలు బీరువాలు వదిలివెళ్లడం, పాత పన్ను, కరెంటు బకాయిలు వారే కట్టడం కూడా డబ్బుతో సమానం. అలాగే అమ్మేవారికి కూతురి పెళ్లి ఖర్చో, అప్పు వాయిదాయో ఉండి వెంటనే డబ్బు కావాలంటే, రొక్కం సిద్ధంగా ఉన్నవారు తక్కువకు అడగడం న్యాయమే.

మధ్యవర్తి మాట వినవచ్చు కాని ఆఖరి మాట అతని చెవిన వేయరాదు. ధరను బట్టి కమీషను ఉన్నప్పుడు ధర పెరిగితే అతనికీ పెరుగుతుంది. మరెవరో రేపు బయానా ఇవ్వడానికి వస్తున్నారని తొందరపెట్టడం పాత ఎత్తు. నిజంగానే ఎవరైనా వచ్చి ఎక్కువకు కొంటే కొననివ్వాలి. పోటీకి దిగి పంతం మీద పెంచిన లక్షలకు ఊళ్లో పరువు పెరగదు. బేరానికి వెళ్లే ముందు ఇంట్లో ఆడవారితో కూర్చుని ఆఖరి మాట ఖాయం చేసుకోవాలి. వాయిదా కట్టడానికి నెలనెలా ఇంటి ఖర్చు తగ్గించుకోవలసింది వారే.

కాగితం మీద ఒకటి, చేతికి ఒకటి వద్దు

దస్తావేజులో ధర తక్కువ రాసి మిగతాది రొక్కంగా ఇవ్వమని అమ్మేవారు కోరడం మామూలైపోయింది. 5 లక్షలు తగ్గించి రాస్తే కొనేవారికి మిగిలేది 37,500 రూపాయలు. పోయేది అంతకంటే ఎక్కువ. బ్యాంకు కాగితం మీది ధరను బట్టే అప్పు ఇస్తుంది. తగాదా వస్తే రుజువు చేయగలిగేదీ ఆ ధరే. రేపు ఇల్లు అమ్మితే ఆ 5 లక్షలు లాభంగా కనిపించి పన్ను మీద పడుతుంది. పైగా ఇళ్లు, స్థలాల లావాదేవీల్లో 20 వేలు, అంతకు మించి రొక్కం తీసుకోవడాన్ని 2015 జూన్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. ఇరుపక్షాలకూ వ్యవసాయ ఆదాయమే ఉండి, పన్ను పడే ఆదాయం లేకపోతే మాత్రం మినహాయింపు ఉంది. కనుక అడిగే ధర ఏదైనా మొత్తం దస్తావేజులో రాసే ధరగానే అడగాలి.

బయానా కూడా ఆ పద్ధతిలోనే బ్యాంకు ద్వారా, చిన్న మొత్తంగా ఇవ్వాలి. బ్యాంకు అప్పు రాకపోయినా, హక్కులో లోపం తేలినా బయానా తిరిగి ఇవ్వాలని అగ్రిమెంటులో రాయించాలి. అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఇల్లు సొంతం కాదు. 100 రూపాయలు, ఆపైన విలువ గల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే పూర్తవుతుంది.

రాజధాని పనులు ముందుకు సాగితే జిల్లాలో ధరలు పెరగవచ్చు. ఏ కారణం చేతనైనా మందగిస్తే తగ్గవచ్చు. ఆ రెండూ కొనేవారి చేతిలో లేవు. అరుగు మీద కూర్చున్నప్పుడు ఎంత దగ్గర ఆగాలన్నది ఒక్కటే వారి చేతిలో ఉంది. రాసుకున్న అంకె దాటగానే దణ్ణం పెట్టి లేచి రాగలిగితే ఆ ఇల్లు పోయినా మరో ఇల్లు దొరుకుతుంది. లేవలేక ఒప్పుకుంటే పదిహేనేళ్ల పాటు నెలనెలా వాయిదా కడుతూ ఆ పూట తొందరను తలచుకోవలసి వస్తుంది.